వాడని దోస తీగ వెతుక్కుంటూ

మా ఓబయ్య మామ ఖర్బూజా తోట ఆ వేసవికి వరసగా మూడో ఏడు ఎండిపోయింది. సిద్ధవటం దగ్గర పెన్న ఇసుకలో ఆయన తండ్రి నాటి నుంచి ఖర్బూజాలే వేస్తున్నారు. పిందెలు కోడిగుడ్డంత అయ్యేసరికి ఒక మధ్యాహ్నం ఆకులు వాలిపోయేవి. సాయంత్రానికి లేచి నిలబడేవి. మర్నాడు మళ్ళీ వాలేవి. నాలుగో రోజుకు ఇక లేచేవి కావు. నీళ్ళు పోసినా, ఎరువు వేసినా అంతే. మామ చేతి చలవ పోయిందని ఊళ్ళో అన్నారు. పక్కవాళ్ళు అనడం ఒక ఎత్తు, ఆయన దాన్ని నమ్మడం ఒక ఎత్తు. ఎండిన తీగలన్నీ పీకి కుప్పపోసి తగలబెట్టి, ఆ పూట అన్నం తినకుండా పడుకున్నాడని అత్త కబురు పంపింది.

నేను కడపలో ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతూ, సెలవుల్లో తిరుపతిలో ఒక ప్రొఫెసరుగారి దగ్గర ఈ తెగులు మీదే పరిశోధన చేస్తున్నాను. మట్టిలో ఉండే ఒక బూజు వేరు గుండా లోపలికి దూరి, నీళ్ళు పైకి పోయే సన్నని గొట్టాల్లో చేరుతుంది. మొక్క కూడా ఊరుకోదు. బూజు తగిలిన చోట వగరు రసాయనాలు ఊరేలా చేసుకుంటుంది, కణాల గోడలకు చెక్కపూత పూస్తుంది, గొట్టాలకు జిగురు అడ్డం వేస్తుంది. ఇంత చేసి కూడా ఖర్బూజా ఎందుకు చస్తుందన్నది నా ప్రశ్న. అది తేలాలంటే ఇదే జాతిలో చావని మొక్క ఒకటి కావాలి. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడాలి. మేం తెచ్చిన ప్రతి రకమూ చచ్చింది. ఈ ఏడూ ఏమీ దొరక్కపోతే వేరే పంట మీద పని మొదలుపెట్టమని ప్రొఫెసరుగారు చెప్పేశారు.

అలాంటప్పుడు మా అమ్మ తిరుమల సత్రంలో ఒకావిడతో మాట కలిపింది. కృష్ణవేణమ్మ ఆమె పేరు. కోయంబత్తూరు పక్కన సూలూరు. ఇంట్లో తెలుగే మాట్లాడతారు, ఎన్ని తరాల కిందట వచ్చారో వాళ్ళకే తెలియదు. తమ ఊళ్ళో పచ్చదోస తీగ ఉండేదనీ, చుట్టూ మొలాంపళం తీగలు వాడిపోయినా అది వాడేది కాదనీ ఆవిడ మాటవరసకు చెప్పింది. మొలాంపళమంటే అరవంలో ఖర్బూజా. దోసా, ఖర్బూజా చూడటానికి వేరు గానీ జాతి ఒకటే. అమ్మ ఇంటికి వచ్చి ఆ మాట చెప్పగానే నేను చిరునామా రాసుకున్నాను. ఆడపిల్లను ఒంటరిగా అంత దూరం పంపడం ఎలా అని ఇంట్లో మథనపడుతుంటే, మామ తానే వస్తానన్నాడు. ఆయన మద్రాసు కూడా చూసిన మనిషి కాదు.

సంచికి చిల్లు

రైల్లోనే మొదటి నష్టం జరిగింది. వేరు ముక్కల్లో చెక్కపూత ఎక్కడ ఉందో ఎర్రగా చూపించే మందు ఒకటుంది. అందులో ఘాటైన ఆమ్లం కలుస్తుంది. ఆ సీసా మూత వదులై నా గుడ్డసంచిని తినేసి, కింద పడుకున్న మామ కొత్త పంచె మీదకు కారింది. ఒంటికి తగలకపోవడం మా అదృష్టం. జోలార్‌పేటలో దిగి చూసుకుంటే పంచెకు అరచేయంత చిల్లు. నేను ఏడుపు మొహం పెట్టుకుని నిలబడ్డాను. మామ ఆ చిల్లును లోపలి మడతలోకి దోపుకుని, కాఫీ తాగుదాం పద అన్నాడు. మిగిలింది ఇంకొక చిన్న సీసా, ఇనుప ఉప్పు కలిపిన పసుప్పచ్చ నీళ్ళు. వగరు పదార్థం తగిలితే అది నల్లబడుతుంది. ఇక దాని మీదే ఆధారం.

సూలూరు

సూలూరులో పొద్దు తెలిసేది మిల్లు కూత వల్ల. కూత వేయగానే వీధిలో సైకిళ్ళు, నడిచేవాళ్ళ చెప్పుల చప్పుడు, టిఫిన్ క్యారియర్ల గలగల. కూత ఆగేసరికి వీధి ఖాళీ. ఆ తర్వాత పగలంతా గోడల వెనక మరమగ్గాలు మోగుతూనే ఉంటాయి. మొదటి రోజు నాకు తలనొప్పి వచ్చింది. రెండో రోజు ఆ చప్పుడు ఉన్నట్టే తెలియలేదు.

కృష్ణవేణమ్మగారు మమ్మల్ని గడపలోనే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయారు. భర్త సుబ్బరాయులు నాయుడుగారు మిల్లులో సూపర్‌వైజరు. వాళ్ళ తెలుగు నాకు మొదట అందలేదు. "రాండి, కాళ్ళు అలంబుకోని కూసోండి" అన్నారు, కాళ్ళు కడుక్కోమని. సగం తెలుగు, సగం అరవం. మామకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. యాడికి, ఎట్ల, ఉండారు అంటూ వాళ్ళు పలికే మాటలు మా కడప జిల్లా పల్లెల మాటలే. పుస్తకాల తెలుగు మాట్లాడే నన్ను వదిలేసి అందరూ మామతోనే మాట్లాడారు. ఆయన ముఖంలో మూడేళ్ళ తర్వాత కాస్త వెలుగు చూశాను.

భోజనంలో ఉలవల రసం పోశారు. మా ఉలవచారంత చిక్కన కాదు, కొబ్బరి పడింది. సజ్జ సంకటి మాత్రం అచ్చం మా ఇంటిదే. బజారులో రెండిడ్లీలు పది పైసలే, చట్నీ ఎన్నిసార్లడిగినా వేస్తారు. మామకు ఆ చట్నీ మీద గౌరవం కుదిరింది.

దోస సంగతి ఎత్తేసరికి కృష్ణవేణమ్మగారి మొహం చిన్నబోయింది. తోట ఉన్న నేలలో ఇప్పుడు మరమగ్గాల షెడ్డు ఉంది. కిందటేడు దాకా పెరట్లో నాలుగు తీగలు పాకించారట. విత్తనాలు బూడిదలో కలిపి కుండలో పెడితే చెదలు తినేశాయి. ఆ సంగతి మాకు ముందే ఉత్తరం రాయాల్సిందని ఆవిడ పదే పదే బాధపడ్డారు. వంటింట్లోకి పోయి ఆ ఖాళీ కుండ కూడా తెచ్చి చూపించారు. మామ లేచి వాకిట్లోకి వెళ్ళి నిలబడ్డాడు.

కొంచెంసేపటికి ఆవిడే ఒక మాట గుర్తు చేసుకున్నారు. తమ తోటలో పని చేసిన రూతు అనే అమ్మాయి అప్పట్లో గుప్పెడు విత్తనాలు అడిగి తీసుకుని, తిరుమంగళం పక్కన పల్లెలో ఉన్న తల్లికి పంపిందట. రూతు ఇప్పుడు మిల్లులో నూలు చిలపలు చుట్టే పని చేస్తోంది.

రూతు రాసిన చీటీ

సాయంత్రం షిఫ్టు దిగాక రూతు వచ్చింది. పాతికేళ్ళుంటాయి. జుట్టులో, కనుబొమల మీద దూది నూగు. వాళ్ళదీ తెలుగే మాట్లాడే కుటుంబం, క్రైస్తవులు. తాత, తండ్రి తోలు పని చేసేవారు. ఆమె వాకిట్లోనే నిలబడింది. కాఫీ ఆమెకు వేరే గ్లాసులో వచ్చింది. మా ఊళ్ళోనూ ఇంతే గనక నేనేమీ అనలేదు. అనకపోవడం ఇప్పుడు రాస్తుంటే గుచ్చుకుంటోంది.

తల్లి ఎస్తేరమ్మ ఏటా దోస వేస్తూనే ఉందని రూతు చెప్పింది. తనకు సెలవు దొరకదు, దారి చెబుతుంది, చీటీ రాసిస్తుంది. అరుగు మీద కూర్చుని చాలాసేపు రాసింది. మధ్యమధ్య పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కొత్తవాళ్ళ ముందు సిగ్గనుకున్నాను. చీటీ నా చేతికిచ్చాక చూస్తే అరవ అక్షరాలు. నాకు ఒక్కటీ రాదు.

"తెలుగే అక్కా. నాకు తెలుగు ఎళుత్తు రాదు, అరవ ఎళుత్తులో రాసిండాను" అంది. ఎళుత్తంటే అక్షరం. తల్లికి చదువు రాదనీ, ఊరి తపాలా మనిషి చదివి వినిపిస్తాడనీ చెప్పింది.

దిండిగల్లు మీదుగా

బస్సు పళని కొండ పక్కగా, దిండిగల్లు మీదుగా పోయింది. నా పక్కన కూర్చున్న ముసలావిడ ఒడిలో పనసపండు పెట్టుకుని, దారిపొడుగునా నా భుజం మీద నిద్రపోయింది. దిగేటప్పుడు నన్ను లేపి, ఒక తొన తీసి నోట్లో పెట్టి మరీ దిగింది. మాటలు కలవలేదు. ఆ తొన కోసం, నేను కునుకు తీస్తుండగా ఆమె మొత్తం పండు కోయించిందని తర్వాత మామ చెప్పాడు.

మధురలో బస్టాండు పక్క హోటల్లో నీళ్ళ బదులు పాలతో చేసే చల్లని జిగర్తండా తెచ్చిపెట్టాడు సర్వరు. నా వేళ్ళ సైగ అతనికి అలా అర్థమైంది. మామ రెండు గ్లాసులు తాగాడు. తిరుమంగళం చేరేసరికి నల్లరేగడి మొదలైంది. పగుళ్ళు పాదం దిగేంత. ఈ నేలలో దోస ఎక్కడ పండుతుందని మామ గొణుక్కుంటూ నడిచాడు.

ఎస్తేరమ్మ

దోస పండేది చెరువు కడుపులో. వేసవికి చెరువు ఎండగానే పేదవాళ్ళు ఆ అడుగున పాదులు తీస్తారు. చెలమ తవ్వి, ఊరిన నీళ్ళు కుండలతో పోస్తారు. మేం వెళ్ళేసరికి ఎస్తేరమ్మ చెలమలోంచి నీళ్ళు తోడుతోంది. ఎండకు కాలిన సన్నటి మనిషి, అరవై దాటి ఉంటాయి. తెలుగు వినపడగానే కుండ దించి, కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది.

ఆమె పాదుల్లో దోస తీగలు పచ్చగా పరుచుకుని ఉన్నాయి. పక్క పాదులు ఇంకొకరివి, మొలాంపళం. అవన్నీ చచ్చి నేలకు అంటుకుపోయి ఉన్నాయి. రెంటికీ మధ్య ఒక మూరెడు గట్టు. ఒకే మట్టి, ఒకే చెలమ నీళ్ళు. మామ ఆ గట్టు మీద గొంతుక్కూర్చుని ఇటొక ఆకు, అటొక ఆకు ముట్టుకుని చూస్తూ ఉండిపోయాడు.

చీటీ చదవడానికి తపాలా పెరియసామి వచ్చాడు. సైకిలు చెట్టుకు ఆనించి, కళ్ళద్దాలు పెట్టుకుని, పెద్ద గొంతుతో మొదలుపెట్టాడు. అతనికి తెలుగు రాదు. అక్షరాలు తెలిసిన మనిషికి మాట తెలియదు, మాట తెలిసిన మా ముగ్గురికీ అక్షరాలు తెలియవు. అరవ లిపిలో దకూ తకూ ఒకటే అక్షరం గనక దోసను తోస అని చదివాడు. నాకు నవ్వొచ్చింది. ఎస్తేరమ్మ కూడా నవ్వింది.

"అమ్మా, ఈ అక్కా ఈ మామా మన తోస చూసేకి వస్తా ఉండారు. విత్తనం ఇయ్యి. వేరు తవ్వనీ."

అక్కడి దాకా బాగానే ఉంది. అతను అదే గొంతుతో, అంతే హుషారుగా తర్వాతి వరుస చదివాడు.

"అమ్మా, నాకు తక్కు నిలవలే. సోమవారం మిల్లు లోపలికి పోతే ఊపిరి ఆడలే. నెత్తురు పడలే, భయపడొద్దు. మేస్త్రీకి చెప్పలే. చెప్తే పని తీసేస్తారు. ఈళ్ళకు గూడా చెప్పలే."

తక్కు అంటే ఏమిటో నాకు ఒక క్షణం తట్టలేదు. ఎస్తేరమ్మకు తట్టింది. దగ్గు. పెరియసామి కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టి, నల్ల సేదియా అని అడిగాడు, మంచి కబురేనా అని. ఆమె తల ఊపి, అతనికి ఒక దోసకాయ కోసిచ్చి పంపింది. అతను సైకిలెక్కి కనపడకుండా పోయే దాకా ఆమె మొహం మారలేదు. ఆ తర్వాత గట్టు మీద కూలబడింది.

"నా కూతురు మీ ముందర దగ్గిందా అమ్మా?" అని నన్నడిగింది.

కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం గుర్తొచ్చింది. చూశానని, సిగ్గనుకున్నానని చెప్పాను. అబద్ధం చెప్పి ఉంటే ఆమెకు కాసేపు తేలికగా ఉండేదేమో. చెప్పలేకపోయాను.

ఆమె పెద్దగా ఏడవలేదు. సాయంత్రం బస్సుకు సూలూరు పోతానంది. అని, గునపం తీసుకుని లేచింది. ఈ పని రేపైనా చేసుకుంటాం, ముందు మీరు బయల్దేరండి అని మామ అడ్డం వెళ్ళాడు. ఆమె వినలేదు. "బస్సు సాయంత్రమే కదా నాయినా. అంత దూరం నించి వచ్చినారు, ఊరికే కూసుంటే బస్సు ముందర వచ్చేనా?" అంది.

కరక్కాయ నలుపు

రెండు వేర్లు తవ్వి తీశాం. ఒకటి ఆమె దోసది, ఒకటి పక్కవాళ్ళ మొలాంపళానిది. రెంటినీ చెలమ నీళ్ళలో కడిగి బ్లేడుతో నిలువుగా చీల్చాను. మొలాంపళం వేరులో గోధుమరంగు గీత మొదలు నుంచి తీగ దాకా ఎగబాకి ఉంది. బూజు వెళ్ళిన దారి అది. దోస వేరుకూ బూజు తగిలింది. అక్కడక్కడా చిన్న మచ్చలున్నాయి. కానీ ప్రతి మచ్చా మినపగింజంత దగ్గరే ఆగిపోయింది. లోపలి గొట్టాలు తెల్లగా ఉన్నాయి. మూడేళ్ళుగా వెతుకుతున్నది నా అరచేతిలో ఉంది. పక్కనున్న మనిషి కష్టం చూసి, సంతోషాన్ని బయట పెట్టలేకపోయాను.

మిగిలిన సీసా తీసి దోస వేరు మచ్చ మీద ఒక చుక్క వేశాను. చూస్తుండగానే మచ్చ చుట్టూ నల్లటి ఉంగరం తేలింది. మొలాంపళం మీద వేస్తే నలుపు పలచగా, చెల్లాచెదురుగా వచ్చింది.

ఎస్తేరమ్మ వంగి చూసింది. ఏమి మందని అడిగింది. ఇనుము కలిపిన నీళ్ళని, వేరు తనను కాచుకోవడానికి ఊరేలా చేసుకునే వగరుకు అది తగిలితే నల్లబడుతుందని నాకు చేతనైనట్టు చెప్పాను. ఆమె కాసేపు ఆ నలుపు మీద వేలితో రుద్దింది.

"ఇది మా నాయన నలుపే" అంది. "చెప్పులకు నలుపేసేకి కడుక్కాయ నీళ్ళల్ల ఇనుప ముక్కలు ఊరేసేవాడు. కడుక్కాయ వగరు, ఇనుము తగిల్తే నలుపు. ఆ కడుక్కాయతోనే తోలు పదును చేసేది. పదునైన తోలుకు బూజు పట్టదు."

కడుక్కాయంటే మన కరక్కాయ. ఆమె వేరు ముక్కను ఎండకు తిప్పి చూసి, "అట్లైతే ఈ వేరు తన తోలు తానే పదును చేసుకుంటా ఉండాది" అంది.

నేను తిరుపతి లైబ్రరీలో నెలల తరబడి చదివిన దానికి ఇంతకన్నా సరైన వివరణ నాకు ఎక్కడా దొరకలేదు. కరక్కాయలో ఉన్నదీ, దోస వేరులో ఊరేదీ ఒకే కుటుంబానికి చెందిన రసాయనాలు. తోలును కుళ్ళకుండా కాపాడినట్టే అవి వేరునూ కాపాడతాయి. తోళ్ళ పని చేసేవాళ్ళకు తెలిసిన ఈ సంగతి, వాళ్ళను వాకిట్లో నిలబెట్టే మాలాంటి వాళ్ళకు అంత తేలికగా తెలియకపోవడంలో వింతేమీ లేదు.

మామ కాపలా

విత్తనం కావాలంటే కాయలు తీగ మీదే పండాలి. ఇంకా పది రోజులు పడుతుంది. అన్ని రోజులు నీళ్ళు పోయకపోతే ఈ ఎండకు తీగలు నిలవవు. గొర్రెలు కూడా చెరువులోకి దిగుతాయి. ఎస్తేరమ్మకు ఈ ఊళ్ళో ఇంకెవరూ లేరు. పోతే పోనీ, బిడ్డ ముందు అంది ఆమె. అది ఆమెకు ఏడాది తిండి.

మామ ఒంటిమీది కండువా తీసి గట్టు మీద పెట్టాడు. "నువ్వు పోయి బిడ్డను తెచ్చుకో అమ్మా. నీళ్ళు నేను పోస్తా" అన్నాడు. నా వైపు తిరిగి, నువ్వు ఆమెకు తోడు పో అన్నాడు.

నేను మామను పక్కకు పిలిచి, అన్నం ఎక్కడ తింటావని మెల్లగా అడిగాను. ఆయన మా ఊళ్ళో ఇలాంటి ఇంట గుక్కెడు మంచినీళ్ళు తాగి ఎరగడు. ఆయన గట్టు మీది ఖాళీ కుండను చేతిలోకి తీసుకున్నాడు. వీళ్ళ పాదులో నీళ్ళు పోసి, వీళ్ళ కుండలో నీళ్ళు తాగనంటే బాగుంటుందా అని నన్నే అడిగాడు. ఆ రోజు మధ్యాహ్నం ఎస్తేరమ్మ పెట్టిన రాగి సంకటి, వేరుశనగ పచ్చడి ముగ్గురం గుడిసె ముందు కూర్చుని తిన్నాం.

సూలూరులో మేం దిగేసరికి రూతు షిఫ్టుకు బయల్దేరుతోంది. తల్లిని చూసి నిలబడిపోయింది. చీటీ విని వస్తుందని ఊహించలేదట, ఊరికే చెప్పుకుంటే బరువు దిగుతుందని రాసిందట. కృష్ణవేణమ్మగారికి విషయం చెప్పాను. ఆవిడ మారు మాట్లాడకుండా భర్తను లేపి, మాతో కోయంబత్తూరు పెద్దాసుపత్రికి పంపించి, వెనకాలే ఫ్లాస్కుతో తానూ వచ్చారు. ఆసుపత్రి వరండాలో గ్లాసు తేలేదని చూసుకుని, ఫ్లాస్కు మూతలోనే కాఫీ పోసి ముందు రూతుకిచ్చారు. తర్వాత అదే మూతలో తానూ తాగారు. ఆవిడ దాన్ని గమనించారో లేదో నాకు తెలియదు. ఎస్తేరమ్మ గమనించింది.

ఛాతీలో దూది దుమ్ము చేరిందని, ఆదివారం సెలవు తర్వాత సోమవారం ఆయాసం ఎక్కువవడం దాని గుర్తేనని, ఇప్పుడే మిల్లు మానితే మళ్ళీ మామూలు మనిషవుతుందని, ఇంకో రెండేళ్ళు ఆగితే చెప్పలేనని డాక్టరు అన్నాడు. దుమ్ము లేని మడతల విభాగంలోకి మార్పిస్తానని నాయుడుగారు చెప్పారు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. రూతు తల్లి వైపు చూసింది. ముందు ఇంటికి పదమంది తల్లి. వారం పైగా మందులు వాడి, ఊపిరి కాస్త కుదుటపడ్డాక ముగ్గురం తిరుమంగళం బస్సెక్కాం.

చెరువులో దిగేసరికి మామ కావడి మోస్తూ ఎదురొచ్చాడు. నల్లగా కాలిపోయాడు. మగమనిషి కుండ చంకనెత్తుకోవడం చూసి ఊళ్ళో ఆడవాళ్ళు నవ్వితే కావడి కట్టుకున్నాడట. చెలమను ఇంకో మూర లోతు తవ్వాడు. గొర్రెల కాపరులతో అరవం రాకుండానే పోట్లాడి, రాకుండానే స్నేహం చేశాడు. ఒక్క తీగ వాడలేదు. పండిన దోసకాయలు పసుప్పచ్చగా పాదుల్లో కూర్చుని ఉన్నాయి. రూతు వాటి మధ్య నిలబడి, నిదానంగా, లోపలికి పూర్తిగా ఊపిరి తీసుకోవడానికి ప్రయత్నించింది. సగంలో దగ్గొచ్చింది. మళ్ళీ ప్రయత్నించింది.

ఆ పూట నేను మా పద్ధతిలో దోసకాయ పప్పు వండాను. ఎస్తేరమ్మ మర్యాదగా తిని, బాగుండాది గానీ కొబ్బరి మరిచిపోయినావే అంది. మర్నాడు కాయలు కోసి, గింజలు కడిగి, బూడిదలో దొర్లించి ఎండబెట్టాం. ఆమె వాటిని రెండు కుప్పలు చేసి, పెద్దది మా వైపు జరిపింది. మామ చిన్నది తీసుకున్నాడు. ఆమె మళ్ళీ మార్చింది. కాసేపు అలా జరిగి, చివరికి రూతు రెండు కుప్పలనూ కలిపేసి చెరిసగం చేసింది.

పెన్న ఒడ్డున

ఇంటికి వచ్చి ఏడాది దాటింది. రూతు తిరిగి మిల్లుకు పోలేదు. తిరుమంగళం సంతలో కూరగాయలు అమ్ముతోందని, సోమవారాలు ఇప్పుడు మామూలు రోజుల్లాగే ఉన్నాయని కృష్ణవేణమ్మగారు రాశారు. మామ పోయిన వేసవిలో పెన్న ఇసుకలో దోసే వేశాడు. ఖర్బూజా ధర దానికి రాదు, కానీ తోట పచ్చగా నిలబడింది. దోసను ఖర్బూజాతో సంకరం చేస్తే తీపీ బలమూ కలిసిన మొక్క రావచ్చని ప్రొఫెసరుగారు మొదలుపెట్టారు. అది తేలడానికి ఏళ్ళు పడుతుంది.

నా పరిశోధనలో తేలింది ఇది. దోసనూ ఖర్బూజానూ కుండీల్లో పెంచి, ఒకే రోజు వేర్లకు బూజు అంటించాను. రోజూ కొన్ని వేర్లు కోసి, రైల్లో ఒలికిపోయిన ఆ ఎర్ర మందే మళ్ళీ తయారు చేసుకుని వేసి చూశాను. దోస వేరులో మూడో రోజుకే మచ్చ చుట్టూ ఎర్రటి గోడ లేచింది. ఖర్బూజాలోనూ అదే గోడ, అదే రంగు. కాకపోతే ఎనిమిదో రోజున. అప్పటికి బూజు గొట్టాల్లోకి వెళ్ళిపోయింది.

ఇది మామకు చూపించాలని తిరుపతి పిలిపించాను. ఆయన చెప్పులు బయట విడిచి లోపలికొచ్చి, మైక్రోస్కోపు ముందు కుర్చీ అంచున కూర్చున్నాడు. ముందు దోస వేరు పెట్టాను. చూసి, ఎస్తేరమ్మది కదా అని తల ఊపాడు. తర్వాత ఖర్బూజా వేరు పెట్టాను. కన్ను తీయకుండా చాలాసేపు చూశాడు.

"ఇందులో గూడా ఎరుపు ఉందే" అన్నాడు.

ఉందని, ఆలస్యంగా వచ్చిందని చెప్పాను.

"అయితే ఇది గూడా కొట్లాడింది పాపా. నేను చేతి చలవ పోయిందనుకుని పీకి తగలబెట్టినా."

ల్యాబు మూసే వేళయిందని అటెండరు గుమ్మంలో నిలబడ్డాడు. మామ అటు చూడలేదు. మళ్ళీ కన్ను ఆనించి, ఖర్బూజాదే ఇంకొక ముక్క పెట్టమన్నాడు.